కాకినాడ మీద బాంబులు వేసిన ఓడను ఆటలో నేనే నడుపుతున్నాను

కోరంగి_కుర్రాడు
నాలుగేళ్ళుగా ‘వరల్డ్ ఆఫ్ వార్‌షిప్స్’ ఆడుతున్నాను. అందులో జపాను విమాన వాహక నౌకల వరుసలో ఆరో అంచెలో ర్యూజో అనే ఓడ వస్తుంది. దాన్ని సంపాదించడానికి రెండు నెలలు రాత్రుళ్ళు మేలుకున్నాను. చిన్న ఓడ. నడిపే గది కూడా పైన కనిపించదు, విమానాలు ఎగిరే బల్ల కింద ముందువైపు దాగి ఉంటుంది. దూరం నుంచి చూస్తే నీళ్ళ మీద పొడవాటి పెట్టె తేలుతున్నట్టు ఉంటుంది. నాకు భలే ఇష్టం.

మొన్న ఆదివారం ఆడుతుంటే మా నాన్నగారు వెనక నిలబడి, “అది ఎవరి ఓడ?” అని అడిగారు. జపానుది, 1942 యుద్ధంలో తిరిగినది అన్నాను. “అదే ఏడు కాకినాడ మీద బాంబులు పడ్డాయి, మా నాన్న చెప్పేవాడు. ఆ విమానాలు ఏ ఓడ మీద నుంచి వచ్చాయో నీ ఆటలో ఉందా?” అన్నారు. ఆటలో లేదు. వెతికి చూశాను. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన విమానాలు ర్యూజో మీద నుంచి లేచినవే.

అప్పటి నుంచి ఆ ఓడను తీయబుద్ధి కావడం లేదు. నా ప్రశ్న ఇది. జపాను దండయాత్ర మీద ఆటలు లెక్కలేనన్ని ఉన్నాయి. వాటిలో ఒక్కటైనా ఈ ఒడ్డున నిలబడి చూసినట్టు ఉందా? బర్మా, మలయా, బంగాళాఖాతం, మనవాళ్ళు. మీకు తెలిస్తే చెప్పండి.

నిద్రలేని_ఆటగాడు
ఆట ఆటే కదా మిత్రమా. నేను జర్మన్ ట్యాంకు నడుపుతాను, అంతమాత్రాన నేను నాజీనా?

కోరంగి_కుర్రాడు
నిద్రలేని_ఆటగాడు గారూ, మీరు తప్పు చేస్తున్నారని నేను అనలేదు. జర్మన్ ట్యాంకు మీ తాతగారి ఊరి మీదికి రాలేదు. ఇది మా తాతగారి ఊరి మీదికి వచ్చింది. నాకు తేడా అక్కడే తెలిసింది.

చరిత్ర_మాస్టారు
ఒక సవరణ. కాకినాడ మీద జరిగింది దాడి, దండయాత్ర కాదు. సైన్యం దిగలేదు. అయితే ఆ దాడి దండయాత్రలో భాగమే. 1942 మార్చి 8న రంగూన్ జపాను చేతికి వచ్చింది. సింగపూర్ నుంచి రంగూన్‌కు ఓడల్లో సైన్యాన్ని చేర్చాలంటే బంగాళాఖాతంలో అడ్డు ఉండకూడదు. అందుకే జపాను అడ్మిరల్ నగుమో పెద్ద దళంతో ఏప్రిల్ 5న కొలంబో మీద, 9న ట్రింకోమలీ మీద విరుచుకుపడ్డాడు. మరో అడ్మిరల్ ఒజావా చిన్న దళంతో, అంటే ర్యూజోతోనూ కొన్ని క్రూయిజర్లతోనూ, మన తీరం వెంట వర్తక నౌకలను వేటాడాడు. కొద్ది రోజుల్లోనే ఇరవైకి పైగా ఓడలు మునిగాయి.

ఇది దాడి మాత్రమేనని అప్పటి జనానికి ఎలా తెలుస్తుంది? మరునాడు సైన్యం దిగుతుందనే అనుకున్నారు. విశాఖ ఖాళీ అయింది. మద్రాసులో ప్రభుత్వ కార్యాలయాలను లోపలి జిల్లాలకు తరలించారు. బాంబులు పడితే బోనులు విరిగి మృగాలు ఊరి మీద పడతాయని జంతు ప్రదర్శనశాలలోని క్రూరమృగాలను కాల్చి చంపారు. ఇంత భయం ఉన్న కథను ఆట తయారుచేసేవాళ్ళు ఎందుకు వదిలేశారో నాకూ అర్థం కాదు.

సింహాచలం_మెట్లు
మా నాయనమ్మ అప్పుడు పన్నెండేళ్ళ పిల్ల. విశాఖ నుంచి ఎడ్లబండిలో శృంగవరపుకోట వెళ్ళారట. పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా బయలుదేరారు. ఆ పప్పు సంగతి ఆవిడ బతికినంతకాలం చెప్పింది. బాంబు సంగతి రెండే మాటల్లో ముగించేది.

పాతక్యాసెట్
టీవీకి తగిలించే గేమ్ క్యాసెట్లు గుర్తున్నాయా? అందులో ‘1942’ అనే ఆట ఉండేది. చిన్న విమానం, కింద సముద్రం, ఎదురుగా గుంపులు గుంపులుగా శత్రు విమానాలు. మిడ్వే నుంచి బయలుదేరి టోక్యో వైపు వెళ్ళాలి. మనం అమెరికా విమానంలో ఉంటాం, కూల్చేవి జపాను విమానాలు. ఆ ఆటను తయారుచేసింది క్యాప్‌కామ్, జపాను కంపెనీ! 1984లో. పాశ్చాత్య దేశాల్లో అమ్ముడుపోవాలని అలా చేశారు. మా పెదనాన్న కొడుకు, నేను ఆ ఆట కోసం రిమోట్లు విరగ్గొట్టుకున్నాం. 1942 అనే అంకెకు అర్థం ఉందని పాతికేళ్ళు వచ్చాక గానీ నాకు తట్టలేదు.

మ్యాప్_పిచ్చి
నేను చూసినంతలో చెబుతాను.

‘మెడల్ ఆఫ్ ఆనర్: రైజింగ్ సన్’ 2003లో వచ్చింది. అమెరికా రేవు పెరల్ హార్బర్ మీద జపాను దాడితో మొదలై ఫిలిప్పీన్స్, గ్వాడల్‌కెనాల్, సింగపూర్, క్వాయ్ వంతెన దాకా వెళ్తుంది. కథానాయకుడు అమెరికా మెరీన్. ‘కాల్ ఆఫ్ డ్యూటీ: వరల్డ్ ఎట్ వార్’ 2008లో వచ్చింది. అందులోనూ పసిఫిక్ భాగం మెరీన్ కథే, మేకిన్ దీవిలో మొదలవుతుంది. ‘బ్యాటిల్‌ఫీల్డ్ 1942’లో వేక్ దీవి, గ్వాడల్‌కెనాల్, ఇవో జిమా. అన్నీ దీవులే, అన్నీ అమెరికాకు సంబంధించినవే.

అసలు విషయం చెప్పనా? పసిఫిక్ యుద్ధం పెరల్ హార్బర్‌లో మొదలుకాలేదు. గంటకు పైగా ముందే మలయాలో కోట భారు తీరంలో జపాను సైన్యం పడవలు దిగింది. తేదీ రేఖకు ఇవతల కాబట్టి అక్కడ అప్పటికి డిసెంబర్ 8, అర్ధరాత్రి దాటింది. ఆ ఇసుకలో కాపలా ఉన్నది ఎవరో తెలుసా? 17వ డోగ్రా రెజిమెంటులోని మూడో బెటాలియన్. మన కొండప్రాంతపు కుర్రాళ్ళు. ఆ యుద్ధంలో మొదటి దెబ్బ కాచుకున్నవాళ్ళు భారతీయులు. ఇన్నేళ్ళలో ఇన్ని ఆటలు ఆడాను, ఆ ఇసుక మీద నన్ను నిలబెట్టిన ఆట ఒక్కటీ లేదు.

నిద్రలేని_ఆటగాడు
ఇది నాకు నిజంగా తెలియదు. పెరల్ హార్బర్ కన్నా ముందా?

మ్యాప్_పిచ్చి
అవును, ముందే. ఇంకా వినండి. అక్కడి నుంచి సింగపూర్‌ను ఆనుకున్న జోహోర్ జలసంధి దాకా సుమారు 1,100 కిలోమీటర్లు. జపాను సైన్యం 55 రోజుల్లో వచ్చేసింది. చాలామంది సైకిళ్ళ మీద వచ్చారు. టైర్లు పగిలితే వట్టి ఇనుప చక్రాల మీదే తొక్కారు. రాత్రిపూట తారురోడ్డు మీద ఆ చక్రాల రొద విని ట్యాంకులు వస్తున్నాయనుకునేవాళ్ళట. నిజం ట్యాంకులు కూడా వచ్చాయి. 1942 జనవరి 7న స్లిమ్ రివర్ దగ్గర ముప్పై చిల్లర ట్యాంకులు 11వ ఇండియన్ డివిజన్‌ను చీల్చుకుంటూ వెళ్ళాయి. మలయాలో బ్రిటిష్ వారి దగ్గర ఒక్క ట్యాంకూ లేదు. మన సిపాయిల్లో చాలామంది అంతకుముందు ట్యాంకును చూసి కూడా ఎరగరు. చీకటి, రబ్బరు తోట, వాన, ఇనుప చక్రాల చప్పుడు. ఆటకు ఇంతకన్నా ఏం కావాలి?

పేరాక్_తెలుగు
స్లిమ్ రివర్ పేరు చూసి ఆగలేక రాస్తున్నాను. మాది మలేషియాలో పేరాక్. మా ముత్తాత విజయనగరం వైపు నుంచి రబ్బరు తోటకు వచ్చాడు. ఆ ట్యాంకులు వచ్చిన రోజుల్లో తోట దొర రాత్రికి రాత్రి వెళ్ళిపోయాడట. తోటలో కూలీలు మిగిలారు, బియ్యం మిగల్లేదు. కర్రపెండలం తిని బతికారు.

తర్వాత జపానువాళ్ళు వచ్చి పని ఉంది, కూలి ఇస్తాం అని లారీలు ఎక్కించారు. అదే సయాం రైలు. సయాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్‌లోని బాన్ పాంగ్ నుంచి బర్మాలోని థాన్‌బ్యూజయాత్ దాకా 415 కిలోమీటర్లు, 1942 జూన్ నుంచి 1943 అక్టోబర్ లోపల వేశారు. మిత్రరాజ్యాల యుద్ధఖైదీలు పన్నెండు వేలకు పైగా చనిపోయారు. వాళ్ళకు సమాధులు ఉన్నాయి, రాళ్ళ మీద పేర్లు ఉన్నాయి. ఆసియా కూలీలు తొంభై వేల దాకా చనిపోయి ఉంటారని అంచనా. తమిళులు, తెలుగువాళ్ళు, మలయులు, బర్మీయులు, జావా వాళ్ళు. మా ముత్తాత అన్న ఆ లారీ ఎక్కాడు. అంతే, మా దగ్గర ఉన్న కబురు అదొక్కటే.

గోదారి_గట్టు
పేరాక్_తెలుగు గారు రాసింది చదివాక నా చిన్నతనం గుర్తొచ్చి ఇబ్బందిగా ఉంది. 2003లో రాజమండ్రిలో నెట్ సెంటర్లో ‘కమాండోస్ 2’ ఆడేవాళ్ళం. గంటకు ఇరవై రూపాయలు. అందులో ఆ రైలు దారిలోని క్వాయ్ నది వంతెన ఉంటుంది, దాన్ని పేల్చాలి. మేం నలుగురం ఒక కుర్చీ చుట్టూ చేరి నెల రోజులు దాని మీదే ఉన్నాం. ఆ వంతెనకు దూలాలు మోసినవాళ్ళలో తెలుగు కూలీలు ఉన్నారన్న సంగతి ఇన్నాళ్ళకు, ఇప్పుడు, ఇక్కడ తెలిసింది.

చరిత్ర_మాస్టారు
అసలు వంతెనను ఏ కమాండోలూ పేల్చలేదు. 1945లో మిత్రరాజ్యాల విమానాలు బాంబులు వేసి దెబ్బతీశాయి. అప్పట్లో ఆ నది పేరు మే క్లాంగ్. ‘ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్’ సినిమా వచ్చాక యాత్రికులు ‘క్వాయ్ నది ఎక్కడ’ అని అడుగుతుంటే 1960లో ఆ భాగానికి క్వే యాయ్ అని పేరు మార్చారు. సినిమాను చూసి నది పేరు మారింది, ఆ సినిమాను చూసి ఆటలు తయారయ్యాయి. కూలీలు సినిమాలోనే పక్కకు తప్పుకున్నారు, ఇక ఆటలోకి ఎక్కడి నుంచి వస్తారు?

సముద్రపు_కాకి
ర్యూజో గురించి ఎవరూ చెప్పని సంగతి ఒకటి. ‘కంతాయ్ కలెక్షన్’ అని జపానులో 2013లో మొదలైన ఆట ఉంది. యుద్ధనౌకలన్నీ అందులో అమ్మాయిలు. ర్యూజో కూడా ఒక చిన్న అమ్మాయి. ఒసాకా వైపు కాన్సాయి యాసలో హుషారుగా మాట్లాడుతుంది. ఆమె బొమ్మలు కూడా అమ్ముతారు.

సింహాచలం_మెట్లు
మా నాయనమ్మ పప్పు మాడిపోవడానికి కారణం ఒక హుషారైన అమ్మాయా! ఆవిడ వినుంటే తెడ్డు పట్టుకుని బయలుదేరేది.

నిద్రలేని_ఆటగాడు
నాకు ఇది చదివి ఒళ్ళు మండింది. మనుషుల మీద బాంబులు వేసిన ఓడను ముద్దుబొమ్మ చేస్తారా? పైన ‘ఆట ఆటే’ అని రాసింది నేనే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

సముద్రపు_కాకి
కోపం సరే, కానీ ఒక్క మాట. ఆ ఓడ 1942 ఆగస్టు 24న సాలమన్ దీవుల దగ్గర మునిగింది. మన తీరం మీదికి వచ్చి అయిదు నెలలు కూడా కాలేదు. దానితో వంద మందికి పైగా నావికులు పోయారు. ఆ ఆట ఆడే జపాను కుర్రాళ్ళలో కొందరు ఓడ మునిగిన తేదీని గుర్తుపెట్టుకుని దండం పెడతారు. బొమ్మ ద్వారానే వాళ్ళకు ఆ ఓడ పేరు తెలిసింది. వాళ్ళ తాతలు వాళ్ళకు గుర్తున్నారు. మన తాతలను గుర్తుపెట్టుకోవడం వాళ్ళ పని కాదు, మన పని.

చరిత్ర_మాస్టారు
సగం ఒప్పుకుంటాను. తమవాళ్ళను తలుచుకోవడం తప్పు కాదు. కానీ ఓడ ఎలా మునిగిందో చెప్పి, మునగకముందు ఏం చేసిందో చెప్పకపోతే అది సగం చరిత్ర. నాన్‌కింగ్, మనీలా, సింగపూర్‌లో చైనీయుల ఊచకోత, ఇవన్నీ ఆ ముద్దుబొమ్మల వెనక్కి పోతాయి. అలాగని అమెరికా ఆటలు నిజం చెబుతున్నాయని కూడా అనను. వాటిలో జపాను సిపాయి అంటే పొదలోంచి అరుస్తూ దూకేవాడు. వాడికి ఊరూ పేరూ ఉండవు.

మ్యాప్_పిచ్చి
అక్కడ ‘రైజింగ్ స్టార్మ్’ కొంత నయం. 2013 నాటిది. జపాను వైపు నుంచి కూడా ఆడవచ్చు. ఇక ‘బ్యాటిల్‌స్టేషన్స్: పసిఫిక్’లో జపాను గెలిస్తే ఏమయ్యేది అనే కల్పన మీద పెద్ద కథే ఉంది. రాజకీయం కూడా తక్కువ కాదు. మ్యాప్ మీద దేశాలను నడిపే ‘హార్ట్స్ ఆఫ్ ఐరన్’ మొదటి ఆటను 2004లో చైనా నిషేధించింది. మంచూరియాను, టిబెట్‌ను వేరే దేశాలుగా చూపించారని. ఒక గీత అటూ ఇటూ అయితే ప్రభుత్వాలు కదులుతాయి.

అదే ఆట నాలుగో భాగంలో మన దేశాన్ని కూడా ఎంచుకుని ఆడవచ్చు, బ్రిటిష్ ఇండియాగా. నేను వందల గంటలు ఆడాను. రంగూన్ పోయిందంటే మ్యాప్‌లో ఆ ముక్క రంగు మారుతుంది. ఆ తర్వాత ఇంఫాల్ దగ్గర గీత గట్టిపరచుకుంటాను.

రంగం_మనవరాలు
మ్యాప్_పిచ్చి గారూ, మీ మీద కోపంతో రాయడం లేదు. ఆ రంగు మారడం గురించి నాలుగు మాటలు చెప్పాలని ఉంది.

రంగూన్‌ను మా ఇంట్లో ఇప్పటికీ రంగం అంటారు. మా తాతమ్మ, తాతయ్య పెళ్ళయిన ఏడే కాకినాడలో ఓడ ఎక్కారు. తాతయ్యకు రేవులో మూటలు మోసే పని. కాకినాడ పక్కన కోరంగి రేవు పేరు మీదే అక్కడ తెలుగువాళ్ళను కోరంగీలు అనేవాళ్ళు. 1931 లెక్కల నాటికి ఆ నగరంలో సగానికి పైగా భారతీయులే. రేవు పని, రిక్షాలు, వీధులు ఊడ్చడం, మరుగుదొడ్లు ఎత్తడం, వీటిలో మనవాళ్ళు చాలామంది. అంతకుముందే, 1930లో, రేవు పని కోసం బర్మావాళ్ళకూ మనవాళ్ళకూ గొడవలై చాలామంది తెలుగువాళ్ళు చచ్చిపోయారు. అప్పుడే వచ్చేద్దామంది తాతమ్మ. తాతయ్య వినలేదు.

1941 డిసెంబర్ 23న మొదటి బాంబులు. తాతమ్మ చెప్పిన ప్రకారం జనం కందకాల్లోకి వెళ్ళలేదు, వీధుల్లో నిలబడి ఆకాశంలోకి చూశారు. అంతవరకు విమానాలను అలా బారుగా ఎవరూ చూడలేదు మరి. ఆ రోజు అలా చూస్తూనే వందలమంది పోయారు. రెండు రోజులకు, క్రిస్మస్ రోజున, మళ్ళీ వేశారు. మనవాళ్ళు ప్రోమ్ దారి పట్టారు. దారిలో అధికారులు ఆపి, మీరు పోతే రేవు నడవదు, ఊరు కంపుకొడుతుంది, వెనక్కి రండి అని నచ్చజెప్పి తిప్పి పంపారు. తాతయ్య తిరిగి వెళ్ళాడు. ఫిబ్రవరిలో మళ్ళీ బయలుదేరినప్పుడు ఓడల్లో చోటు లేదు. ఉన్న చోటు ఎవరికి దొరికిందో మీకు చెప్పనక్కరలేదు.

టౌంగుప్ కనుమ మీదుగా అరకాన్ వైపు నడిచారు. తాతమ్మ చంకలో రెండేళ్ళ పిల్ల, నెత్తిన ఇత్తడి గుండిగ. గుండిగలో బియ్యం. నీళ్ళు లేవు, దారి పొడవునా కలరా. పిల్ల మూడో రోజున పోయింది. ఆ పిల్ల పేరు నాకు పెట్టారు.

గుండిగ మా ఇంట్లో ఉంది. ఒక పక్క సొట్ట ఉంటుంది. అది కనుమ దిగేటప్పుడు పడిందట. సొట్ట తీయిస్తానని మా నాన్న రెండు సార్లు అన్నారు, తాతమ్మ తీయనివ్వలేదు.

మ్యాప్_పిచ్చి
చదివాను. రెండు సార్లు చదివాను. ఏం రాయాలో తెలియడం లేదమ్మా.

బర్మాకాలనీ_రవి
మావాళ్ళు 1942లో రాలేదు, 1960లలో బర్మాలో నెవిన్ సైనిక ప్రభుత్వం వచ్చాక వచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అలాంటివాళ్ళతో ఏర్పడిందే. రంగం_మనవరాలు చెప్పిన 1942 నడక గురించి మా పెద్దవాళ్ళు కూడా చెప్పేవాళ్ళు. మొత్తం నాలుగు లక్షల మందికి పైగా నడిచి వచ్చారంటారు. దారిలో పోయినవాళ్ళను ఎవరూ సరిగా లెక్కపెట్టలేదు, పదివేల నుంచి యాభై వేలు, ఆపైన కూడా చెబుతారు. తెల్లవారికి ఒక దారి, నల్లవారికి ఒక దారి కేటాయించారన్న ఆరోపణ మీద అప్పట్లోనే పెద్ద రభస జరిగింది.

ఇంకో సంగతి, మా ఇంట్లో బర్మా టేకు బీరువా ఉంది. అది జరపాలంటే నలుగురు అన్నదమ్ములూ ఊళ్ళో ఉండాలి. అందుకే మా ఇంట్లో వెల్లలు సంక్రాంతికే.

హైదరాబాద్_బొమ్మలు
పదకొండేళ్ళుగా ఆటల తయారీలో ఉన్నాను. ఇక్కడి స్టూడియోల్లో చాలావరకు బయటి కంపెనీలకు బొమ్మలు చేసి పంపే పని. తుపాకులు, జీపులు, ఇటుకలు, చెట్లు. కొన్నేళ్ళ కిందట పసిఫిక్ దీవుల నేపథ్యం ఉన్న ఒక పెద్ద ఆటకు కొబ్బరి చెట్లు చేసే పని నాకు పడింది. మా అమ్మమ్మగారిది అమలాపురం. వెళ్ళి ఫోటోలు తీసుకుని వచ్చాను. కాండం మీద గీతలు, గాలికి వంగిన తీరు, మొదట్లో వేళ్ళు తేలిన చోటు, అన్నీ కోనసీమవే. ఇప్పుడు ఏదో దీవిలో మెరీన్లు దాక్కుంటున్నది ఆ చెట్ల చాటునే.

కోరంగి_కుర్రాడు అడిగిన దానికి నాకు తెలిసిన జవాబు. కొనేవాళ్ళు ఎక్కడ ఉంటే కథ అక్కడిది. అమెరికాలో, యూరప్‌లో కొంటారు కాబట్టి మెరీన్. జపాను కూడా పెద్ద మార్కెట్ కాబట్టి ఊచకోతలు చూపించరు. మనదేశంలో ఫోన్లో ఉచితంగా ఆడేవాళ్ళే ఎక్కువ, డబ్బు పెట్టేవాళ్ళు తక్కువ. ఆ లెక్క మారనంతకాలం డోగ్రా సిపాయి రాడు.

కానీ చిన్న ఆట చేయవచ్చు. పదిమంది, రెండేళ్ళు. ‘దిస్ వార్ ఆఫ్ మైన్’ అని పోలెండువాళ్ళు 2014లో చేశారు. సరయేవో ముట్టడి నుంచి పుట్టిన ఆలోచన. అందులో సైనికులుగా ఆడం. ఊళ్ళో చిక్కుకున్న మామూలు మనుషులుగా ఆడతాం. తిండి, మందు, చలి. బర్మా నడకను అలా చేయవచ్చని నా మనసులో చాలాకాలంగా ఉంది.

రంగం_మనవరాలు
నాకు ఇష్టం లేదు. చంకలో పిల్లను ఏ బటన్ నొక్కి దించుతారు? నొక్కకపోతే ఓడిపోతారా? ఆడేవాడు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడితే పిల్ల బతుకుతుందా? మా తాతమ్మకు మళ్ళీ మొదలు లేదు.

హైదరాబాద్_బొమ్మలు
మీరు అడిగినవి నాకు నేను వేసుకోవలసిన ప్రశ్నలే. నా దగ్గర ఒక్కదానికే జవాబు ఉంది. మళ్ళీ మొదలుపెట్టే వీలు లేకుండా చేయవచ్చు. మిగతావాటికి లేదు.

పోర్ట్‌బ్లెయిర్_పద్మ
నేను రంగం_మనవరాలి పక్షం కాదు. ఆటగానైనా ఉండాలి. దండయాత్ర జరగలేదని పైన మాస్టారు అన్నారు, అది తీరానికి నిజం. మా దీవులకు కాదు. అండమాన్‌లో 1942 మార్చి 23న జపాను సైన్యం దిగింది, యుద్ధం ముగిసేదాకా ఉంది. గూఢచారులనే అనుమానం మీద సెల్యులార్ జైల్లో మనవాళ్ళను చిత్రహింసలు పెట్టారు. 1944 జనవరి 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని కాల్చి చంపారు. అంతకు నెల ముందే నేతాజీ వచ్చి జెండా ఎగురవేశారు. ఈ రెండూ ఒకే ఊరి కథ. మా స్కూలు పిల్లలకు జెండా కథ తెలుసు. హంఫ్రీగంజ్ అడిగితే బస్సు ఆగే చోటు అంటారు. పిల్లలు పుస్తకం తెరవడం లేదు, ఫోను తెరుస్తున్నారు. అందులోనైనా కనిపించనివ్వండి.

చరిత్ర_మాస్టారు
పద్మగారి సవరణ సరైనదే, నాది పొరపాటు. సింగపూర్ కూడా అలాంటి ముడే. 1942 ఫిబ్రవరి 15న అక్కడ బ్రిటిష్ సైన్యం లొంగుబాటు. రెండు రోజులకు ఫారర్ పార్కులో సుమారు నలభై అయిదు వేల మంది భారతీయ సిపాయిలను జపానువాళ్ళకు అప్పగించారు. కొందరు ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు, కొందరు చేరక ఖైదీలుగా కష్టాలు పడ్డారు. ఇద్దరినీ మనం గౌరవిస్తాం. ఆటలో ఆ పార్కులో నిలబడ్డవాడికి ఏ దారి సరైనదని చూపిస్తారు? ఏదీ చూపించకుండా వదిలేయగల ధైర్యం ఉంటే ఆ ఆట నేను కొంటాను.

మ్యాప్_పిచ్చి
నాకు బర్మాలోని సిటాంగ్ నది వంతెన కావాలి. 1942 ఫిబ్రవరి 23 తెల్లవారుజామున జపానువాళ్ళ చేతికి చిక్కకుండా బ్రిటిష్ జనరల్ స్మిత్ వంతెనను పేల్చించాడు. 17వ ఇండియన్ డివిజన్‌లో ఎక్కువ భాగం, రెండు బ్రిగేడ్లు, ఇంకా అవతలి ఒడ్డునే ఉన్నాయి. బూట్లు విప్పేసి, వెదుళ్ళు పట్టుకుని ఈదారు. చివరికి మిగిలినవాళ్ళు మూడున్నర వేల లోపు, వాళ్ళ దగ్గర 1,420 రైఫిళ్ళు. ఇన్నాళ్ళూ ఆటల్లో వంతెన పేల్చి సంబరపడ్డాను. పేలిన వంతెనకు అవతల ఉండి ఒక్కసారి ఆడాలని ఉంది.

నిద్రలేని_ఆటగాడు
కోహిమా కూడా. 1944లో డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టుకు అటు జపాను సైన్యం, ఇటు బ్రిటిష్ ఇండియా సైన్యం కందకాల్లో కూర్చున్నాయి. ఇద్దరి మధ్య కోర్టు వెడల్పు. నిన్నటి నుంచి ఇదే చదువుతున్నాను. 2013లో లండన్‌లోని జాతీయ సైనిక మ్యూజియం వాళ్ళు ఓటింగు పెడితే బ్రిటన్ పోరాడిన యుద్ధాల్లో గొప్పదిగా ఇంఫాల్–కోహిమానే ఎన్నుకున్నారట, వాటర్లూను కాదు.

గోదారి_గట్టు
మీరు నిద్రలేని చదువరి అయ్యారు, పేరు మార్చుకోండి.

కోరంగి_కుర్రాడు
ప్రశ్న వేసి నాలుగు రోజులు కనిపించనందుకు ఏమీ అనుకోకండి. ఊరికి వెళ్ళాను. నాన్నగారి మేనత్త ఉంది, తొంభై దాటింది. కాకినాడ మీద విమానాలు వచ్చినప్పుడు ఆవిడకు ఎనిమిదేళ్ళు. రేవు వైపు నల్లటి పొగ లేస్తే ఉప్పుటేరు గట్టు మీద నుంచి చూసిందట. విమానం ఎంత కిందికి వచ్చిందంటే రెక్క మీద ఎర్ర బొట్టు కనిపించిందట. “పెద్ద బొట్టు, పేరంటాళ్ళు పెట్టుకునేంత” అని అరచెయ్యి చూపించింది.

ఫోనులో ర్యూజోను చూపించాను. కళ్ళజోడు తుడిచి పెట్టుకుని చాలాసేపు చూసింది. వేలితో తిప్పడం నేర్పాను, అటూ ఇటూ తిప్పింది. చివరికి అడిగింది: “దీని మీద మనుషులు లేరేమిట్రా?”

నాలుగేళ్ళు ఆడాను, గమనించలేదు. నిజంగానే లేరు. ఆ ఆటలో ఏ ఓడ మీదా ఒక్క మనిషి బొమ్మ ఉండదు. విమానాలు లేస్తాయి, ఫిరంగులు తిరుగుతాయి, ఓడ తగలబడుతుంది, మునుగుతుంది. బల్ల మీద ఎవరూ పరుగెత్తరు.

హైదరాబాద్_బొమ్మలు
మీ అత్తయ్యగారు చెప్పిన ఆ బొట్టు మాట నాకు కావాలి. ఆవిడ గొంతులో రికార్డు చేసి పంపగలరా? ఆట అవుతుందో లేదో తెలియదు. ముందు గొంతులు దాచిపెట్టాలి.

కోరంగి_కుర్రాడు
వచ్చే ఆదివారం వెళ్ళి చేస్తాను. ఆవిడకు మధ్యాహ్నం పూట ఓపిక ఉంటుంది.

పేరాక్_తెలుగు
నేను కూడా మా అమ్మ గొంతు పంపుతాను. తెలుగులో మలయా మాటలు కలిసి ఉంటాయి, పరవాలేదు కదా?

హైదరాబాద్_బొమ్మలు
అలాగే కావాలి.

సింహాచలం_మెట్లు
విశాఖ మ్యూజియంలో అప్పటి బాంబు ఒకటి ఉంది. బీచ్ రోడ్డులో. రెండో శనివారం నేను అక్కడే ఉంటాను, ఎవరైనా వస్తే కలిసి చూద్దాం.

రంగం_మనవరాలు
ఆట విషయంలో నా మాట మారలేదు. గొంతులంటే వేరు. మా నాన్న దగ్గర తాతమ్మ మాట్లాడిన క్యాసెట్ ఉంది, నలభై నిమిషాలు. టేపు రికార్డర్ పాడైపోయింది. విశాఖలో బాగుచేసేవాళ్ళు ఎవరైనా తెలిస్తే చెప్పండి. శనివారం వచ్చేటప్పుడు గుండిగ తెస్తాను.

బర్మాకాలనీ_రవి
కంచరపాలెంలో మా బావమరిది ఇప్పటికీ టేపు రికార్డర్లు బాగుచేస్తాడు. శనివారం ఉదయమే క్యాసెట్ ఇచ్చేయండి, నేను తీసుకెళ్తాను.